డల్లాస్ నుంచి చిన్న విమానం: పేరు పెద్దోళ్లది, నడిపేది వేరేవాళ్లు (3/5)

మన కడప నుంచి అమెరికాకి పిల్లల కాడికి పోయేవాళ్లు శానామంది ఉన్నారని రాస్తున్నా. డల్లాస్ దాకా పెద్ద విమానం, దాని గురించి చెప్పేదేం లేదు, ఆడి నుంచి మా అల్లుడుండే బెంటన్‌విల్‌కి ఇంకో చిన్న విమానం, దాని సంగతి ఏడురోడ్ల కాడ టికెట్ చేసిన ఏజెంటు ఒక్క ముక్క చెప్పలా.

తోక మీద పెద్ద కంపెనీ పేరే, లోపల పైలట్లు, ఎయిర్‌హోస్టెస్‌లు మాత్రం వేరే కంపెనీ జీతగాళ్లు. అచ్చం మన ఆర్టీసీ అద్దె బస్సే, రంగు ఆర్టీసీది, డ్రైవరు ఓనర్ మనిషి. నేను డిపోలో చేసి రిటైరైనోన్ని, అద్దె బస్సుల మీద మా యూనియన్ ఎంత మొత్తుకుండేదో తెలుసు, ఆడా అదే గోల. కాంట్రాక్టుకిచ్చే విమానాల్లో 76 సీట్లు దాటకూడదని పెద్ద కంపెనీల పైలట్లు అగ్రిమెంట్‌లో రాయించుకున్నారంట, లేకుంటే రూట్లన్నీ తక్కువ జీతగాళ్లకే పోవూ?

గేటు కాడ ఇంకో తమాషా. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక మడత సీటుంటది, జంప్‌సీట్ అంటారు, పైలట్లు డ్యూటీకో ఇంటికో దాంట్లో ఊరికే పోవచ్చు. ఫ్లైట్ ఫుల్లు. వేరే కంపెనీ పిల్లోడొకడు ముందే వచ్చి నిలబడినాడు, బోర్డింగ్ అయిపోతుండగా ఆ విమానం కంపెనీ పైలటే ఒకాయన తాపీగా వచ్చినాడు, సీటు ఆయనకే ఇచ్చినారు. సొంతోళ్లు ముందు, బయటోళ్లు తర్వాత, ఆపైన కెప్టెన్ సరే అనాల. ఈ వరస మీద వాళ్లలో వాళ్లకే పడదని అల్లుడు చెప్పినాడు. ఆ పిల్లోడు బ్యాగు లాక్కుంటా ఇంకో గేటుకి పరిగెత్తినాడు పాపం.

సీట్లు బాగున్నాయి. బ్యాగు పైన పట్టక తలుపు కాడే ట్యాగేసి తీసుకున్నారు, కారంపొడి అందులోనే ఉందని మా ఇంటామె ఒకటే బెంగ, దిగంగానే ఇచ్చేసినారు.

భయపెట్టడానికి కాదు గానీ, 2009లో బఫెలో కాడ కూలింది కోల్గన్ అనే కంపెనీ విమానం, టికెట్లు అమ్మింది కాంటినెంటల్ అనే పెద్ద కంపెనీ పేరు మీద, 50 మంది పోయినారు. కో-పైలట్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి కొరియర్ విమానాల్లో అట్లా ఊరికే వచ్చి డ్యూటీ ఎక్కిందంట. 2010లో చట్టం మార్చి, నడిపేదెవరో టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలన్నారు. కాబట్టి బుక్ చేసేటప్పుడు 'ఆపరేటెడ్ బై' లైన్ చూసుకోండి, సన్నగా ఉంటది.

వచ్చినాక మా ఏజెంటుని అడిగితే "ఏదైతే ఏముంది సార్, పోయేది ఆడికే గదా" అన్నాడు. ఒక స్టారు దానికే కోసినా.