జాగ్రత్త: బ్యాటరీ మార్చాక ఇంజిన్ ఊగుతోందని వెంటనే థ్రాటిల్ బాడీ కొనేయకండి

కొత్త బ్యాటరీ వేయించారు, బండి స్టార్ట్ అయింది, కానీ ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) ఇంజిన్ కుదురుగా ఉండటం లేదు. ఆర్పీఎం ముల్లు 500కి పడుతుంది, మళ్లీ 1,100కి లేస్తుంది. ఏసీ వేస్తే బండి ఒక్కసారి వణికి ఆగిపోతుంది. ఇదేంటని మెకానిక్‌ని అడిగితే "థ్రాటిల్ బాడీ పోయింది సార్, మార్చాలి" అంటారు. ఆ ఒక్క మాట మీద డబ్బు కట్టకండి. థ్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని ఒక బిళ్లతో తెరిచి మూసే గొట్టం భాగం. బ్యాటరీ విప్పేదాకా నిక్షేపంగా పనిచేసిన థ్రాటిల్ బాడీ, మైనస్ క్లాంప్ తీసిన పది నిమిషాల్లో పాడైపోవడం చాలా అరుదు. పోయిందల్లా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇన్నాళ్లూ నేర్చుకున్న లెక్క.

కొత్త థ్రాటిల్ బాడీ వేశాక బండి నిజంగానే బాగుపడుతుంది, అందుకే కొన్నవాళ్లకి అనుమానం రాదు. కొత్తదానికి మసి ఉండదు, పైగా బిగించాక స్కానర్ (ఈసీయూతో మాట్లాడే పరికరం) పెట్టి దాని మూత స్థానాన్ని, అంటే బిళ్ల పూర్తిగా మూసుకునే చోటును, ఈసీయూకి నేర్పిస్తారు. పాతదాన్నే తుడిచి, అదే స్కానర్‌తో అదే పని చేస్తే చాలాసార్లు ఆ ఫలితమే వస్తుంది.

పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు థ్రాటిల్ బిళ్ల దాదాపు మూసుకుని ఉంటుంది. బిళ్ల అంచుకీ గొట్టం గోడకీ మధ్య ఉన్న సన్నటి సందులోంచి వచ్చే గాలితోనే ఇంజిన్ ఐడిల్ అవుతుంది. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఏళ్లతరబడి ఆ అంచున జిగురు మసిగా పేరుకుంటుంది. గాలి గొట్టం ఊడదీసి టార్చి వేసి చూస్తే బిళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయం కనిపిస్తుంది. సందు పూడుకుపోయే కొద్దీ ఈసీయూ బిళ్లను రవ్వంత ఎక్కువ తెరుస్తూ ఐడిల్‌ను నిలబెడుతూ వస్తుంది. బ్యాటరీ విప్పగానే చాలా బండ్లలో ఈ సర్దుబాటు చెరిగిపోయి మొదటి విలువకి వెళ్తుంది. ఆ విలువ శుభ్రంగా ఉన్న బిళ్లకి సరిపోయేది, మసి పట్టిన బిళ్లకి ఆ గాలి చాలదు. దాంతోపాటు లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (గాలికి తగ్గట్టు పెట్రోలును పెంచే, తగ్గించే సర్దుబాటు) కూడా సున్నా అవుతుంది కాబట్టి పెట్రోలు పాళ్లు కూడా కొంతసేపు తప్పుతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే కొన్ని రోజులు గేర్లు కుదుపుతో మారవచ్చు.

ఈసీయూకి ఆ లెక్క మళ్లీ నేర్పించే ముందు కరెంటు సరిగ్గా ఉందో లేదో చూడాలి. బండి ఆపి కొన్ని గంటలు వదిలేశాక మల్టీమీటర్‌తో కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 చూపిస్తే సగమే ఛార్జ్ ఉన్నట్టు, కొత్తదే అయినా సరే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. తర్వాత రెండు క్లాంపులనూ చేత్తో తిప్పి చూడండి, ఏమాత్రం కదిలినా 10 నంబరు స్పానర్‌తో బిగించాలి. బ్యాటరీల్లో మైనస్ పోస్టు ప్లస్ కంటే కాస్త సన్నంగా ఉంటుంది, కాబట్టి దాన్ని జాగ్రత్తగా చూడండి. మైనస్ క్లాంపుకి కొన్ని బండ్లలో ఒక సన్నటి ఎర్త్ వైరు విడిగా ఉంటుంది. తొందరలో దాన్ని బిగించకుండా వదిలేస్తే ఎంత నేర్పించినా ఇంజిన్ కుదురుకోదు.

ఇక నేర్పించడం. ఏసీ, బ్లోయర్, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్, మ్యూజిక్ అన్నీ ఆపేయండి. గేరు న్యూట్రల్‌లో లేదా పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. బండి ఆరుబయటే ఉండాలి, మూసిన గ్యారేజీలో ఈ పని వద్దు. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా ఓ పది సెకన్లు ఆగండి, ఈసీయూ థ్రాటిల్ మూత స్థానం చూసుకునేది చాలా బండ్లలో అప్పుడే. తర్వాత యాక్సిలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా వదిలేయండి. ఆ పైన ఇంకో ఐదు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, ఏసీ వేసి మరో ఐదు నిమిషాలు చూడండి. ఆటోమేటిక్ అయితే బ్రేక్ గట్టిగా తొక్కి డీలో పెట్టి కూడా రెండు నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత పది ఇరవై కిలోమీటర్లు, కాస్త నెమ్మదిగా కాస్త వేగంగా, మధ్యమధ్య ఆగుతూ నడపండి. ఐడిల్ నిలబడకుండా ఆగిపోతుంటే మాత్రం రోడ్డెక్కించకండి. ఇంజిన్ ఆగగానే స్టీరింగ్ బరువెక్కుతుంది, ఒకటి రెండుసార్లు తొక్కాక బ్రేక్ కూడా గట్టిపడుతుంది.

ఇది అన్ని బండ్లకీ ఒకే తీరులో ఉండదు. చాలా హోండాల్లో ముందు లోడ్ లేకుండా 3,000 ఆర్పీఎం దగ్గర పట్టుకుని ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి, ఆ తర్వాత ఐడిల్‌లో వదలాలి. నిస్సాన్‌లో ఐడిల్ గాలి నేర్పించడానికి వేరే పద్ధతి ఉంది, స్కానర్ ఉంటే అది తేలిక. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో నమోదు కూడా చేయాలి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఏం చెబితే అదే పాటించండి.

ఇంత చేసినా రెండు మూడు రోజుల్లో కుదురుకోకపోతే అప్పుడు వెతకాల్సింది గాలి లీకు. బ్యాటరీ తీయడానికి చాలా బండ్లలో గాలి గొట్టాన్నో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో పక్కకి జరుపుతారు. ఆ గొట్టం క్లిప్పు సరిగా కూర్చోకపోయినా, పాత వాక్యూమ్ పైపు చిట్లినా, గాలి సెన్సార్ లెక్కపెట్టని గాలి లోపలికి పోతుంది. స్కానర్‌లో పీ0171 కోడ్ (గాలికి తగినంత పెట్రోలు లేదని చెప్పేది) కనిపించవచ్చు. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 10 శాతం దాటి ఉండి, 2,500 ఆర్పీఎం దగ్గర సున్నా వైపు వస్తే గాలి లీకేనని గట్టిగా అనుమానించవచ్చు. పీ0506 వస్తే ఐడిల్ తక్కువ, పీ0507 వస్తే ఎక్కువ. ఈ రెండింటిలో ఏదీ థ్రాటిల్ బాడీ మార్చమని చెప్పదు. పీ2135 వస్తే మాత్రం థ్రాటిల్ సెన్సార్‌నూ దాని వైరింగ్‌నూ నిజంగానే పరీక్షించాలి. చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటుంటే నడపడం ఆపేయండి. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం) వల్ల కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, అది థ్రాటిల్ బాడీ కంటే పెద్ద ఖర్చు.

మసి తుడిచేటప్పుడు తాళం ఆఫ్ చేసి బయటికి తీసి, కనెక్టర్ ఊడదీసి మొదలుపెట్టాలి. కరెంటు ఉండగా బిళ్ల దగ్గర వేలు పెడితే అది ఒక్కసారిగా మూసుకోవచ్చు. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను నేరుగా లోపలికి కొట్టకుండా మెత్తటి గుడ్డ మీద కొట్టి అంచు తుడవండి. బిళ్లను బలవంతంగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరగవచ్చు, అప్పుడు నిజంగానే కొత్తది కొనాల్సి వస్తుంది. తుడిచాక మళ్లీ నేర్పించాలి, లేకపోతే ఈసారి ఐడిల్ ఎక్కువైపోతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇదే విషయం ఇంకో వైపు నుంచి దెబ్బ కొడుతుంది. చెక్ ఇంజిన్ లైటు ఆర్పేయడానికి కొందరు బండి చూపించే ముందు బ్యాటరీ విప్పి తగిలిస్తారు, లేదా స్కానర్‌తో కోడ్లు చెరిపేస్తారు. గడియారం తప్పు టైం చూపిస్తున్నా, ట్రిప్ మీటర్ సున్నా దగ్గర ఉన్నా, రేడియోలో స్టేషన్లు ఏవీ లేకపోయినా అనుమానించండి. డాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోటు) చిన్న స్కానర్ పెట్టి, బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపించే రెడీనెస్ పేజీ తెరవండి. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సార్, ఇవాప్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు) మూడూ "నాట్ రెడీ" అంటే మెమరీ ఈమధ్యే చెరిగిందని అర్థం. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లు చూపిస్తాయి. "బ్యాటరీ కొత్తది వేశాం, అందుకే" అని అమ్మేవాళ్లు అంటే అది నిజమే కావచ్చు. అప్పుడు ట్యాంకు సగం నింపి నాలుగైదు రోజులు మామూలుగా నడపమని అడగండి. ట్యాంకు మరీ ఖాళీగా ఉన్నా పూర్తిగా నిండుగా ఉన్నా ఇవాప్ పరీక్ష జరగదు. మళ్లీ స్కానర్ పెట్టి, అన్నీ రెడీ అయ్యి కోడ్లు ఏవీ లేవని చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.