క్యాన్సర్ మీద రీసెర్చ్ చేయాలనుకునే పాథాలజీ పీజీకి ఏది మేలు: ముంబైనా, శ్రీకాకుళమా?

ఎండీ పాథాలజీ, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బేంటో తేల్చే పీజీ కోర్సు, అయిపోవస్తున్న మన శ్రీకాకుళం జిల్లా పిల్లలు చాలామంది ఇదే అడుగుతారు. క్యాన్సర్ మీద పని చేయాలని ఉంది, ముంబైలోని క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ లాంటి చోటికి పోవాలా, లేక శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మెడికల్ కాలేజీలో చేరిపోవాలా అని. నన్నడిగితే ముందు వెళ్లండి, రెండు మూడేళ్లు నేర్చుకోండి, ఆ తర్వాత వచ్చేయండి.

పెద్ద సెంటర్‌లో చేయి తిరిగినట్టు ఇంకెక్కడా తిరగదు. మనకు ఏళ్ల తరబడి కనపడని అరుదైన గడ్డలు అక్కడ మామూలుగా వస్తుంటాయి. గడ్డలోని ప్రోటీన్లను రంగుతో గుర్తుపట్టే ఐహెచ్‌సీ, జన్యువుల్లో మార్పులు చూసే మాలిక్యులర్ టెస్టులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి, ఒక్కో రోగికి ఏ వైద్యమో డాక్టర్లంతా కలిసి తేల్చే ట్యూమర్ బోర్డులో సర్జన్ పక్కన కూర్చుంటే మన రిపోర్టులో ఒక్క మాట మారితే రోగి ట్రీట్‌మెంట్ ఎలా మారిపోతుందో కళ్లారా చూస్తాం. కానీ అక్కడ చాలాకాలం ఇంకొకరి ప్రాజెక్టులోనే పని చేస్తాం, పేపర్లో మన పేరు ఎక్కడో మధ్యలో ఉంటుంది.

జిల్లాలో కష్టం ఇంకో రకం. గాజు పలక మీద పూసి చూసే స్మియర్లు, గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీలు, సెకండియర్ ఎంబీబీఎస్ క్లాసులు, ఇన్‌స్పెక్షన్ టెన్షన్, ఇవన్నీ అయ్యాక సాయంత్రానికి మిగిలిన ఓపికే రీసెర్చ్‌కి. అంతకన్నా పెద్ద చిక్కు సీసా దగ్గర మొదలవుతుంది. ఎక్కడో చిన్న ఆసుపత్రిలో తీసిన రొమ్ము గడ్డ ముక్క ఇరుకు సీసాలో, ముక్క చెడకుండా కాపాడే ఫార్మలిన్ అడుగున కాస్తే ఉండి, ఒక్కోసారి ఉత్త సెలైన్‌లో వస్తుంది. ముక్కకి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, తీసిన గంటలోపు అందులో పడాలి, రొమ్ము ముక్క అయితే 6 గంటలకు తగ్గకుండా 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి. లేదంటే ఏ మందు ఇవ్వాలో చెప్పే ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ రిసెప్టర్లు ఉన్నా లేనట్టు కనిపించవచ్చు, డీఎన్‌ఏ దెబ్బతింటుంది, ఆ ముక్కని మైనంలో పెట్టి చేసిన బ్లాక్‌ని ఎన్నేళ్లు దాచినా పెద్దగా పనికిరాదు. అయితే దీన్ని బాగుచేయడానికి కోట్లు అక్కర్లేదు. ఫార్మలిన్ పోసిన సీసాలు ముందే పంపి, ముక్క తీసిన టైమ్ రాయమని ఓపిగ్గా వెంటపడే పాథాలజిస్ట్ ఒక్కరు చాలు.

ఇంత కష్టం ఉన్నా వెనక్కి రమ్మనడానికి కారణం అడ్డపొగ. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు, అందులోనూ ఆడవాళ్లలోనే ఎక్కువ. కోస్తా ఆంధ్రలో దీనివల్ల అంగిటి క్యాన్సర్ వస్తోందని పరిశోధకులు గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లోనే రాశారు. తర్వాత కోపెన్‌హాగన్ ఓరల్ పాథాలజిస్ట్ పిండ్‌బోర్గ్, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్) బృందం కలిసి అప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మందిని చూశారు. 43.8 శాతం మందికి ఈ అలవాటు ఉందని 1971లో ప్రచురించారు. ఇల్లిల్లూ తిరిగారు కాబట్టే ఎంతమందిలో ఎంతమందికి అన్నది తేలింది. హాస్పిటల్‌కి వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెడితే అది తేలదు.

ఇప్పుడు అడగాల్సినవి చాలా ఉన్నాయి. అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చిన క్యాన్సరూ, గుట్కా వల్ల బుగ్గలో వచ్చిన క్యాన్సరూ జన్యువుల్లో ఒకటేనా? ఇది తేల్చాలంటే ముందు ఎవరికి ఏ అలవాటో తెలియాలి. బయాప్సీ ఫారమ్ మీద 'స్మోకర్' అన్న ఒక్క ముక్క ఉంటే, నిప్పు లోపల పెట్టిందో బయట పెట్టిందో ముంబైలో స్లైడ్ చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? "అమ్మా, అడ్డపొగ తాగుతావా?" అని మంచం పక్కన నిలబడి అడగగలిగేది ఇక్కడున్నవాళ్లే.

పెద్ద మిషన్లు ఇక్కడ ఉండవు, నిజమే. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లదే హోమీ బాబా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. ముక్కలూ వివరాలూ మన దగ్గర సరిగ్గా ఉంటే, ఖరీదైన టెస్టుల కోసం అలాంటి చోట కలిసి పనిచేసే దారి వెతుక్కోవచ్చు. బయట నేర్చుకున్న రెండు మూడేళ్ల పరిచయాలు అప్పుడే అక్కరకొస్తాయి. కార్పొరేట్ ల్యాబ్ జీతం ఎక్కువే, కాదనను, కానీ రీసెర్చ్ కావాలంటే ఆ దారి పట్టకండి.

కాలేజీలో చేరే ముందు రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ నడుస్తోందా, వారానికి ఒక రోజు రీసెర్చ్‌కి వదులుతారా అని అడగండి. పాత బ్లాకుల గది తెరిపించి నంబర్లు వరసగా ఉన్నాయో లేదో, వాటికి తగ్గ రిజిస్టర్లు దొరుకుతాయో లేదో చూడండి. అవి బాగుంటే జీతం కాస్త తక్కువైనా చేరిపోండి.