కొండ మీదికి ఏ రేడియో మేలు: టూ మీటర్ వాకీటాకీనా, ఫార్టీ మీటర్ తీగా?

హార్స్‌లీ హిల్స్ వెళ్దామని అనుకున్నప్పుడల్లా మా హామ్ (లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియో నడిపే) మిత్రుల మధ్య ఇదే చర్చ. జేబులో పట్టే టూ మీటర్ (సుమారు రెండు మీటర్ల పొడవు తరంగాలతో పనిచేసే) సెట్టు సరిపోతుందా? లేక ఫార్టీ మీటర్ (నలభై మీటర్ల తరంగాల) సెట్టు, బ్యాటరీ, యాంటెన్నా తీగ, గెడ అన్నీ మోసుకెళ్లాలా? నేను రెండూ మోసి చూశాను.

ముందు ఒక మాట. కొండ ఎత్తు ఈ రెండింటిలో ఒకదానికే నిజంగా కలిసొస్తుంది. టూ మీటర్‌వి, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ తరంగాలు, దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. యాంటెన్నా ఎత్తుకు మీటర్లలో వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే రేడియో దిగంతం ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. పది మీటర్ల డాబా మీద నిలబడితే 13 కిలోమీటర్లు. హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, కింద మదనపల్లె 700కు అటూఇటూ. ఆ 550 మీటర్ల తేడాకు లెక్క కడితే 97 కిలోమీటర్లు దాకా వస్తుంది. సెట్టు అదే, 5 వాట్లూ అవే. అవతలి మనిషి కూడా నంది హిల్స్ లాంటి చోట ఉంటే ఇంకా తేలిక.

ఫార్టీ మీటర్ సంగతి వేరు. 7 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పైకి పోయి అయనోస్ఫియర్ అనే పై వాతావరణపు పొరలో వంగి తిరిగొస్తుంది. తీగను మరీ ఎత్తున కట్టకపోయినా పగటిపూట కొన్ని వందల కిలోమీటర్లు అందుతుంది. దానికి కొండెక్కాల్సిన పని లేదు, ఊరి బయట మామిడితోటలో కట్టినా అంతే. మరి అంత బరువు మోయడం దేనికి? నిశ్శబ్దం కోసం. మా ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, చార్జర్ల రొద వల్ల సిగ్నల్ బలం చూపే మీటర్ ముల్లు ఎస్-7 దగ్గరే నిలబడి ఉంటుంది. కొండ మీద, కరెంటు తీగలకు దూరంగా కూర్చుంటే అది ఎస్-1కి పడిపోయింది. ఇంట్లో ఎన్నడూ వినపడని బలహీనమైన మోర్స్ సిగ్నళ్లు అక్కడ చక్కగా వినిపించాయి. ఆ అనుభవం ప్రతి హామ్‌కీ ఒక్కసారైనా దక్కాలి.

ఇక కష్టాలు. టూ మీటర్‌లో అసలు చిక్కు దూరం కాదు, మనుషులు. మొదటిసారి ఎవరికీ చెప్పకుండా వెళ్లి గంటసేపు సీక్యూ (ఎవరైనా మాట్లాడతారా అనే పిలుపు) పిలిచాను. ఒక్క జవాబూ రాలేదు. రెండో చిక్కు టవర్లు: కొండ మీద వాటికి దగ్గరగా నిలబడితే చవక సెట్లకు చెవుడు వచ్చినట్టే. రెండు మూడు వందల మీటర్లు అవతలికి నడిస్తే మళ్లీ వినపడుతుంది. రబ్బరు యాంటెన్నాను నమ్ముకోవద్దు. స్టీలు కొలత టేపు ముక్కలు, పీవీసీ పైపులతో మూడు కడ్డీల యాగీ (ఒకవైపుకు గురిపెట్టే యాంటెన్నా) ఇంట్లోనే చేసుకోవచ్చు, బరువు కిలో కూడా ఉండదు. కడ్డీలు నిలువుగా ఉండేలా పట్టుకోవాలి, లేకపోతే అవతలివాళ్ల నిలువు యాంటెన్నాకు చాలా సిగ్నల్ అందకుండా పోతుంది.

ఫార్టీ మీటర్ డైపోల్ అనే తీగ యాంటెన్నాకి దాదాపు 20 మీటర్ల తీగ కావాలి. బండరాయి మీద మేకు దిగదు, తాడు కట్టడానికి చెట్టు దొరకదు. నాకు ఎప్పుడూ అరగంటకు తక్కువ పట్టలేదు. ఉరుము వినపడిందంటే తీగ విప్పి దిగిపోవడమే, ఇంకొక్క కాంటాక్ట్ అని ఆగకూడదు.

హెచ్‌ఎఫ్ (ఫార్టీ మీటర్ లాంటి, పైనుంచి వంగి తిరిగొచ్చే తరంగాల) విలువను మాత్రం తక్కువ చేయలేను. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఆ ద్వీపాల నుంచి కబుర్లు మనదాకా చేర్చింది వాళ్ల హెచ్‌ఎఫ్ సెట్లే. అంత సముద్రాన్ని వాకీటాకీ దాటలేదు.

ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా వెళ్తే ఫార్టీ మీటర్ తీసుకెళ్లండి, ఎవరో ఒకరు తప్పక దొరుకుతారు. సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ (కొండల మీది నుంచి మాట్లాడి పాయింట్లు తెచ్చుకునే హామ్‌ల కార్యక్రమం) పాయింట్లకు నాలుగు కాంటాక్టులు కావాలి, నేల మీది రిపీటర్ (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే స్టేషన్) ద్వారా చేసినవి లెక్కలోకి రావు. వాటి కోసం వెళ్లేవాళ్లకూ ఇదే నిశ్చింత. కానీ ఒక్కటే ఎంచుకోమంటే నేను యాగీతో టూ మీటరే అంటాను. కొండ ఎక్కిన కష్టానికి ఫలితం దాంట్లోనే కనిపిస్తుంది. పైగా కొత్తగా లైసెన్స్ తీసుకుని, చేతి సెట్టు తప్ప ఇంకేమీ కొనలేని పిల్లలకు మనం అందేది అక్కడే. రెండో ప్రయాణానికి మూడు రోజుల ముందే టైము, ఫ్రీక్వెన్సీ చిత్తూరు, బెంగళూరు మిత్రులకు చెప్పి పెట్టాను. ఆ ఉదయం లాగ్‌బుక్‌లో పదకొండు కాల్‌సైన్లు రాసుకున్నాను.