ఎనోషిమా అక్వేరియం: తోక ముళ్లు లెక్కపెట్టుకుని వచ్చాం

నాన్న భీమవరం నుంచి యోకోహామా వచ్చిన రెండో వారం ఎనోషిమా అక్వేరియంకి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లు రొయ్యల చెరువులు చేసిన మనిషి. డాల్ఫిన్ల ఆట సగంలోనే లేచి, "లోతు సముద్రానివి ఉన్నాయన్నావు, ఎక్కడమ్మా?" అన్నారు.

మసక వెలుతురులో తొట్టి అడుగున కదలకుండా ఉంది, జానెడు దాటిన పురుగు. జపాను వాళ్లు దాన్ని 'డైయో గుసోకుముషి' అంటారు, మహారాజు కవచం తొడుక్కున్న పురుగని. శాస్త్రనామం బాతినోమస్ జైగాంటియస్. 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త మిల్న్ ఎడ్వర్డ్స్ పెట్టాడు. పూలకుండీ ఎత్తితే కింద కనిపించి, ముట్టుకుంటే ఉండ చుట్టుకునే బూడిదరంగు పురుగుకి ఇది దగ్గరి చుట్టం.

నాన్న అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశారు. "రొయ్య కాదు తల్లీ. తల మీద డొల్ల లేదు. కళ్లు కాడల మీద లేవు, తలకే అంటుకున్నాయి. రొయ్యని పక్కల నుంచి నొక్కినట్టుంటుంది, దీన్ని పైనుంచి నొక్కారు." కాళ్లు లెక్కపెడితే ఏడు జతలు, రొయ్యకి నడిచే కాళ్లు ఐదు జతలే. ఈ పురుగు చేరిన ఐసోపాడా వర్గాన్ని రొయ్యల నుంచి విడదీసే గుర్తులు దాదాపు ఇవే. పుస్తకం చూడకుండా చెప్పారాయన. నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

జాతి తేల్చడం మాత్రం అంత సులువు కాదు. పక్క తొట్టిలో జపాను సముద్రాల్లో దొరికే చిన్న జాతి, బాతినోమస్ డోడర్లీని, ఉంది. దాని తోక చివర ముళ్లు ఏడు. జైగాంటియస్‌కి పదకొండు నుంచి పదమూడు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ 2017లో మెక్సికోలోని యుకటాన్ దగ్గర 600-800 మీటర్ల లోతున ఎర వేసి పట్టిన ఒక ఐసోపాడ్ ఈ అక్వేరియంకే వచ్చింది. ముళ్లు పదకొండే కాబట్టి జైగాంటియస్‌లోనే ఓ రకం అనుకున్నారు. ఒళ్లు సన్నం, మీసాలు పొడవు, రంగు లేత పసుపు. జన్యువులు పోల్చి చూస్తే వేరే జాతి! 2022లో దానికి బాతినోమస్ యుకటానెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక కొత్త జాతి బయటపడిన చోట నిలబడ్డామని తెలిశాక నాన్న గొంతు తగ్గించి మాట్లాడారు.

అదే అక్వేరియంలో మనుషుల్ని 2000 మీటర్ల లోతుకి తీసుకెళ్లిన షింకాయ్ 2000 జలాంతర్గామి కూడా ఉంది, తప్పక చూడండి. కటాసే-ఎనోషిమా స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పనిరోజున వెళ్తే తొట్టి ముందు నిలబడే తీరిక ఉంటుంది. ఐదుకి ఐదు మార్కులు.

ఐసోపాడ్ ఒకేసారి పొర విడవదు, ముందు వెనక సగం, కొన్నాళ్లకి ముందు సగం విడుస్తుందని చెప్పాను. నాన్న నమ్మలేదు. మంగళవారం మళ్లీ వెళ్తున్నాం.