ఓపినెల్ నంబర్ 8: చెన్నై తేమలో మొరాయించే చాకు

వానాకాలంలో బాత్రూం తలుపు ఉబ్బి చౌకట్టుకి పట్టేసుకుంటుంది. భుజంతో నెడితే గానీ కదలదు. ఓపినెల్ మడత చాకు చెన్నైలో చేసేది కూడా సరిగ్గా అదే. పిడి చెక్క, బ్లేడు ఆ చెక్క చీలికలో కూర్చుంటుంది, చెక్క తేమ తాగితే బ్లేడు ఇరుక్కుంటుంది. కొత్త చాకు తెప్పించుకుని, గోరు విరగ్గొట్టుకుని, సరుకులో లోపం ఉందని తిప్పి పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. తొందరపడకండి. నూటికి తొంభై సార్లు అది ఇంట్లో సరిచేసుకునే పనే. అయితే ఒంటిచేత్తో టక్కున తెరుచుకునే చాకు కావాలనుకుంటే మాత్రం దీని జోలికి వెళ్లొద్దు, ఇది ఎంత బాగుచేసినా రెండు చేతుల చాకే.

ఫ్రాన్సులోని సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు ఇది. నంబరు పెరిగేకొద్దీ సైజు పెరుగుతుంది. నంబర్ 8 బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, జేబులో ఇమిడిపోతుంది. మొత్తం చాకులో ఉన్నవి అయిదే భాగాలు: బ్లేడు, బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి, దాని మెడకి బిగించిన కదలని ఇనప పట్టీ, ఆ పట్టీ మీద తిరిగే రింగు, అన్నిటినీ పట్టి ఉంచే రివిట్టు. స్క్రూ అనేదే లేదు. వదులు చేద్దామని స్క్రూడ్రైవరు వెతికేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రింగు 1955లో వచ్చింది, బ్లేడు తెరిచాక మడుచుకుపోకుండా తాళం వేయడానికి. 2000 నుంచి అదే రింగు మూసిన బ్లేడుకి కూడా తాళం వేస్తోంది. కొత్తవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. రింగు కొంచెం పక్కకి తిరిగి ఉన్నా సరే, బ్లేడు బిగుసుకుపోయినట్టే అనిపిస్తుంది. కాబట్టి మొట్టమొదట చూడాల్సింది రింగులో ఉన్న చీలిక, పిడిలో ఉన్న గాడి ఒకే గీత మీద ఉన్నాయా అని. రింగు అంచున బొటనవేలికి తగిలే చిన్న మిట్ట ఉంటుంది, దాన్ని తోసి చీలికను గాడి మీదికి తెచ్చాక ప్రయత్నించండి. రింగే కదలకపోతే దాని కిందికి ఒక్క చుక్క నూనె వదిలి అటూ ఇటూ తిప్పండి. ప్లయర్లు పెట్టి ఊడబీకడం అవసరం లేదు. ఒకసారి ఎక్కువగా సాగదీస్తే రింగు వదులైపోతుంది, ఆ తర్వాత తాళం నమ్మకంగా పడదు.

రింగు సరిగ్గానే ఉన్నా బ్లేడు రాకపోతే బ్లేడు మీద గోరు పట్టడానికి ఉన్న గాడిలో గోరు దూర్చి బలం చూపించొద్దు. బ్లేడు వీపు పైకి కనిపించే మేరకు బొటనవేలితో, చూపుడువేలితో రెండు పక్కలా గిల్లినట్టు పట్టుకుని లాగండి. జారితే ఒక రబ్బరు ముక్క అడ్డం పెట్టుకోండి, సైకిల్ ట్యూబు ముక్కయితే మరీ మంచిది. అప్పటికీ రాకపోతే సవోయ్ వాళ్ల పాత కిటుకు ఒకటుంది. రింగు తెరిచిపెట్టి, పిడిని మెడ దగ్గర పట్టుకుని, గాడి ఉన్న పక్కని కిందికి తిప్పి, పిడి మడమ, అంటే వెనక కొస, అంచుని చెక్క బల్ల మీద టక్కుమని కొట్టడమే. పిడి ఆగిపోతుంది, బ్లేడు ఆగదు, దాని కొస నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. వేళ్లు గాడి ముందుకి రాకుండా చూసుకోవాలి. గ్రానైట్ గట్టు మీద కొడితే చెక్క సొట్టపోతుంది, అందుకే చెక్క బల్ల అన్నది.

ఇది రోజూ వాడుకోవడానికి కిటుకే గానీ మందు కాదు. మందు వేయాలంటే బిగుతు ఎక్కడుందో తెలియాలి. బ్లేడు మొదట్లో మాత్రమే మొరాయించి, సగం వచ్చాక సులువుగా తిరిగితే గాడి గోడలు ఉబ్బినట్టు. మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో, బరువుగా తిరిగితే మెడ దగ్గర, అంటే రివిట్టు చుట్టూ ఉన్న చెక్క పట్టేసినట్టు. ఎక్కువమందికి వచ్చేది ఈ రెండోదే. కారణం ఆ ఇనప పట్టీ. మిగతా పిడి ఉబ్బితే బయటికి ఉబ్బుతుంది. మెడ దగ్గర పట్టీ బయటికి పోనివ్వదు, అందుకని చెక్క లోపలికి, బ్లేడు బుగ్గల మీదికి, అంటే దాని రెండు పక్కల మీదికి ఉబ్బుతుంది. బ్లేడు తెరిచి కీలుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. బ్లేడుకీ చెక్కకీ మధ్య రెండు పక్కలా వెంట్రుక మందం వెలుగు కనిపించాలి. ఒక పక్క కనిపించకపోతే రాపిడి ఆ పక్కనే.

ఇక అసలు పని, ఎండబెట్టడం. ఎండలో కాదు! బ్లేడు తెరిచి ఉంచి ఏసీ గదిలో మూడు నాలుగు రోజులు వదిలేయండి. ఏసీ లేకపోతే మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అయిదారు వేసి వారం ఉంచండి. మూసిన చాకు పెడితే లోపలి గోడలు సరిగా ఆరవు. మేడ మీద ఎండలో పెట్టినా, ఓవెన్లో పెట్టినా చెక్క పైపైన ఆరి పగులుతుంది. చెన్నైలో మే నెల కత్తిరి ఎండల్లో కూడా సముద్రపు గాలి తడిగానే ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల సంగతి చెప్పనే అక్కర్లేదు. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ పక్క ఉండేవాళ్లు డబ్బా పద్ధతే నమ్ముకోవడం మేలు.

ఆరాక చాకు సులువైతే ఆ స్థితిని కాపాడుకోవాలి. దానికి అతి చవకైన సరంజామా పెట్రోలియం జెల్లీ, హెయిర్ డ్రయ్యరు. కీలు రెండు పక్కలా, పట్టీకీ బ్లేడుకీ మధ్య సందులో జెల్లీ దట్టంగా పూసి, జానెడు దూరం నుంచి ఒకటి రెండు నిమిషాలు వేడిగాలి కొట్టండి. జెల్లీ కరిగి చెక్కలోకి ఇంకుతుంటే కళ్లకి కనిపిస్తుంది, తెల్లగా ఉన్నది నీరై మాయమవుతుంది. ఇరవై ముప్ఫై సార్లు తెరిచి మూసి, పైకి వచ్చింది తుడిచేసి, మర్నాడు మళ్లీ ఒకసారి. ఆ తర్వాత తేమ అంత త్వరగా లోపలికి చేరదు. తడిగా ఉన్న చెక్కకి ఇదే పని చేస్తే మాత్రం నీటిని లోపలే బంధించినట్టవుతుంది. అందుకే ఎండబెట్టడం ముందు, జెల్లీ తర్వాత.

ఉప్పుకాగితం చిట్టచివరి మాట. ఉబ్బిన చెక్కని గీకేస్తే ఇవాళ హాయిగానే తెరుచుకుంటుంది. చెక్క ఆరి కుంచించుకున్నాక బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది. స్క్రూ లేదు కాబట్టి బిగించే దారి ఉండదు. పూర్తిగా ఆరాక కూడా గాడిలో రాసుకుంటోందనిపిస్తేనే ఈ పని. బ్లేడు బుగ్గలకి స్కెచ్‌పెన్ రంగు పూసి నాలుగుసార్లు తెరిచి మూయండి. రంగు ఎక్కడ చెరిగితే రాపిడి అక్కడ. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, దానికి 220 నంబరు ఉప్పుకాగితం మడిచి చుడితే గాడిలో సరిగ్గా దూరుతుంది. రాపిడి ఉన్న పక్క మాత్రమే పది పదిహేనుసార్లు రుద్ది, పొడి ఊదేసి, మళ్లీ చూడండి. రివిట్టు దగ్గరికి కార్డు చేరదు, అక్కడికి జెల్లీయే గతి. వారం ఆరబెట్టి, జెల్లీ పట్టించినా కీలు అలాగే బరువుగా తిరుగుతుంటే అప్పుడది చెక్క తప్పు కాదు. రివిట్టు మరీ గట్టిగా కొట్టి ఉంటారు. సుత్తి తీసుకోకుండా మార్చి ఇమ్మని అడగాల్సింది ఈ ఒక్క సందర్భంలోనే.

నూనెల విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు వంటింట్లోది పొయ్యడం. కొబ్బరినూనె, నువ్వులనూనె, వేరుశెనగనూనె ఏదైనా కొన్నాళ్లకి బంకగా మారి, కనరు వాసన వచ్చి, దుమ్ముని పట్టేస్తుంది. మొదటి వారం మెత్తగా తిరిగిన కీలు రెండో నెలకి ఇంకా బిగుస్తుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ పళ్లు కోసే చాకుకి సరైనది. కడుపులోకి తీసుకునే మందే కాబట్టి బెంగ లేదు. పిడి పైభాగానికి అవిసెనూనె పట్టిద్దామనుకుంటే ముందు కంపెనీ వేసిన వార్నిష్‌ని 220తో గీకేయాలి, లేకపోతే నూనె లోపలికి దిగదు. పారీస్ కార్నర్ చుట్టుపక్కల పెయింటు షాపుల్లో మరగబెట్టిన అవిసెనూనె దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. అది ఆరుతూ వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు. నీళ్లలో ముంచి, పరిచి ఆరేశాకే పారేయాలి.

ఇదే బ్లేడు రెండు ఉక్కుల్లో వస్తుంది, బ్లేడు మీదే ముద్ర ఉంటుంది: ఇనాక్స్ అంటే స్టెయిన్‌లెస్, కార్బోన్ అంటే కార్బన్ ఉక్కు. కార్బన్ పదును ముచ్చటగా పడుతుంది, రాతి మీద నూరుకోవడం సులువు. కానీ నిమ్మకాయ, పచ్చిమామిడి, చింతపండు తగిలితే నల్లబడుతుంది, తడి తుడవకుండా మడిచి పెడితే తెల్లారేసరికి తుప్పు. ఆ తుప్పు కీలులో చేరితే ఉబ్బిన చెక్కకి ఇదొకటి తోడు. చెన్నైకి ఇనాక్సే. ఏదైనా సరే, సింకులో నానబెట్టొద్దు. బ్లేడు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, పది నిమిషాలు తెరిచి ఉంచి మూయండి.

పిడి ఇనుముదో ప్లాస్టిక్‌దో అయి, స్క్రూలతో బిగించిన మడత చాకు కొత్తలో బిగువుగా ఉంటే లెక్క వేరు. అక్కడ ముందు చూడాల్సింది మీ వేళ్లు. పిడిలో ఒక పక్క రేకే తాళంగా పనిచేసే రకాల్లో, తెరిచేటప్పుడు వేళ్లు ఆ రేకుని నొక్కితే లోపలి చిన్న గుండు బ్లేడుని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత రాదు. వేళ్లు పక్కకి తీసినా రాకపోతే కీలు స్క్రూని ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి, ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. సాధారణంగా నక్షత్రం ఆకారపు కొస ఉన్న టార్క్స్ టీ6 లేదా టీ8 బిట్టు పడుతుంది. బ్లేడు పక్కలకి ఊగడం మొదలైతే వదులు ఎక్కువైనట్టే, కొంచెం వెనక్కి బిగించండి.

మళ్లీ ఓపినెల్‌కి వస్తే, దేనికి వాడాలో కూడా చెప్పాలి. కోయంబేడు నుంచి తెచ్చిన బంగినపల్లికి తొక్క తీయడానికి, రొట్టె కోయడానికి, పార్సిల్ తాడు తెంచడానికి దీన్ని మించినది లేదు. బ్లేడు పల్చన కాబట్టి కాయలోకి వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఆవకాయకి టెంక కొట్టడానికి మాత్రం కత్తిపీట ఉంది, దాని పని దానికే వదిలేయండి. టెంక మీద పడితే పల్చటి అంచు ముక్కలవుతుంది, మెలిపెడితే రివిట్టు దగ్గర చెక్క చీలుతుంది. ప్రయాణంలో బ్యాగులో పెట్టుకునేటప్పుడు రింగుని మూసిన స్థానంలో తిప్పి ఉంచండి. విమానమైతే చెకిన్ సామానులో వేయాల్సిందే, చేతి సంచిలో ఉంటే మీనంబాక్కం తనిఖీలో తీసేసుకుంటారు.