ఈకల కర్ర బొమ్మ: కర్ర బాగుంది, తాడుతోనే ప్రమాదం

నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో 250 రూపాయలకు కొన్న ఈకల కర్ర బొమ్మ (కర్రకు కట్టిన సాగే తాడు కొసన ఈకలు వేలాడే, పిల్లుల ఆట వస్తువు) గురించి, పిల్లులను పెంచుకునే వారికి తెలియజేయవలసిన అవసరం ఉందనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను. కర్ర నున్నగా, గట్టిగా ఉంది. మా పిల్లి దానితో ఎంతో హుషారుగా ఆడుకుంది కూడా. లోపమంతా తాడు కొసన ఉంది. ఈకల మొదళ్లను చిన్న ప్లాస్టిక్ మూతలో ఒక్క జిగురు చుక్కతో అతికించి, దాని కింద ఒక మువ్వను సన్నని తీగతో తగిలించారు. ఆ తీగ గోటితో లాగినా విచ్చుకుంటుంది. కొన్న కొద్ది రోజులకే మా పిల్లి ఆ కొసను కొరికి, ఈకలతో పాటు మువ్వను, జానెడు సాగే దారాన్ని మింగేసింది.

మువ్వ కంటే దారమే ఎక్కువ ప్రమాదకరం. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపుకు వంగి ఉంటాయి కనుక, నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మివేయలేక మింగుతూనే పోతుంది. దారం ఒక కొస నాలుక మొదట్లోనో, జీర్ణాశయం చివరనో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి జారితే, బొందు లాగిన లంగాలా పేగు కుచ్చులు పడుతుంది. బిగిసిన దారం క్రమంగా పేగు గోడను కోసేస్తుంది. అందుకే నోటి నుంచి గానీ మలద్వారం నుంచి గానీ దారం వేలాడుతున్నా దానిని లాగకూడదు. కంగారులో చేయి ముందు అక్కడికే పోతుంది, ఆపుకోవాలి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు వెంటనే ఆముదమో ఉప్పునీళ్లో పట్టించమంటారు. వారి ఆదుర్దా అర్థమవుతుంది గానీ, అడ్డుపడిన పేగుకు విరేచనాల మందు హాని చేస్తుంది, ఉప్పు ఎక్కువైతే విషమవుతుంది. కుక్కలకు వాంతి చేయించడానికి కొందరు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ పిల్లి కడుపు లోపలి పొరను పుండు చేస్తుంది. నొప్పి తగ్గాలని పారాసిటమాల్ ఇస్తే పిల్లి ప్రాణానికే ముప్పు. బొమ్మలో మిగిలిన ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుని, మింగిన సమయం గుర్తుంచుకుని, ఏమీ తినిపించకుండా వెంటనే పశువైద్యుని దగ్గరకు వెళ్లడమే సరైన పని.

మేము వెళ్లిన వైద్యురాలు ముందుగా నాలుక ఎత్తి దాని అడుగున చూశారు. ఎక్స్‌రేలో మువ్వ స్పష్టంగా కనిపించింది, దారం మాత్రం కనిపించలేదు. దారం, రబ్బరు, పలుచని ప్లాస్టిక్ చాలాసార్లు అందులో పడవని, అప్పుడు అల్ట్రాసౌండ్ అవసరమవుతుందని ఆమె వివరించారు. మింగి ఎంతోసేపు కాలేదు గనుక, నాలుక కింద చిక్కు లేదని నిర్ధారించుకున్నాకే ఇంజెక్షన్ ఇచ్చి వాంతి చేయించారు. బయటికి వచ్చిన దారాన్ని సంచిలోని ముక్కలతో జతపరిచి, ఏమీ లోపల మిగల్లేదని సరిచూశారు. పేగుల్లోకి దిగి ఉంటే శస్త్రచికిత్స తప్పేది కాదన్నారు. ఆ తరువాత కూడా పదే పదే వాంతులు, మేత మానేయడం, మూలన నక్కి కూర్చోవడం, మలం రాకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దని హెచ్చరించారు. రెండు మూడు రోజులు తిండి లేకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి జబ్బు చేస్తుంది.

విరిగిన బొమ్మను తీసుకెళ్లి చూపిస్తే, "ఆడుకునే వస్తువండీ, మింగితే మేమేం చేస్తాం?" అని దుకాణదారు అన్నారు. ఈ సమాధానం నాకు బాధ కలిగించింది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. పెంపుడు జంతువుల బొమ్మలకు ఆ నిబంధన వర్తించదు కనుక, అమ్మేవారే ఒకసారి లాగి చూసి అమ్మాలి. నేను ఈ బొమ్మకు 5కి 1 ఇస్తున్నాను. ఇప్పటికే కొన్నవారు ఈకలు, మువ్వ కత్తిరించి, తాడుకు మందపాటి గుడ్డముక్కను గట్టిగా ముడివేసి, తాము పక్కన ఉన్నప్పుడే ఆడించి, ఆట కాగానే బీరువాలో పెట్టి తాళం వేయాలి. కొత్తగా కొనేవారు గుండ్రని గాడిలో బంతి దొర్లే బొమ్మను తీసుకోవచ్చు. బంతి పిల్లి నోట్లో పట్టనంత పెద్దదో కాదో చూసుకుంటే చాలు.