13 రోజులకో ఎత్తు: ఏడేళ్లు కరస్పాండెన్స్ చెస్ ఆడాక

తెనాలిలో మాకు మందుల షాపు ఉంది. గిరాకీ మధ్యలో అయిదు నిమిషాల బ్లిట్జ్ ఆడడం కుదరదు. ఫోన్‌లో గడియారం పరిగెడుతుంటే ఎదురుగా చీటీ పట్టుకుని మనిషి నిలబడి ఉంటాడు. అందుకే ఏడేళ్ల క్రితం కరస్పాండెన్స్ చెస్‌కి, అంటే ఒక్కో ఎత్తుకు రోజుల గడువుతో యాప్‌లో ఆడే ఆటకి వచ్చాను. మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక ఒక ఎత్తు, రాత్రి షట్టర్ దించాక ఇంకో ఎత్తు. ఈ ఆట నాకు ఇచ్చిన సంతోషం చిన్నది కాదు. ముఖ్యంగా ఎత్తుకు 14 రోజుల గడువు ఉండే ఆటలను కనబడిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ని, "టెన్షన్ ఉండదు, నింపాదిగా ఆలోచించుకోవచ్చు" అని. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాను. దానికి కారణం ఒక ఆట.

అది గ్రూపు టోర్నీ. ప్రత్యర్థిది వేరే దేశం. మొదటి 30 ఎత్తులూ రెండు నెలల లోపే అయిపోయాయి. నేను ఉదయం వేస్తే సాయంత్రానికల్లా జవాబు వచ్చేది. 31వ ఎత్తులో అతను ఒక ఏనుగును ఊరికే పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత జవాబు లేదు. ఆట వదిలేశాడేమో అనుకున్నాను. 13వ రోజు, గడువు ఇంకా కొన్ని గంటలు ఉందనగా, ఒక ఎత్తు వచ్చింది. ఆ తర్వాతి ఎత్తుకి మళ్లీ 13 రోజులు. ఈలోగా మిగతా ఆటల్లో మాత్రం అతను రోజూ ఆడుతూనే ఉన్నాడు, అది అతని ప్రొఫైల్‌లో కనిపిస్తూనే ఉంది. మధ్యలో మూడు వారాలు వెకేషన్ (గడువు లెక్క ఆగే సెలవు) కూడా పెట్టాడు. అలా 18 ఎత్తులకు ఎనిమిది నెలలు దాటింది.

మా గ్రూపులో అన్ని ఆటలూ ముగిస్తేగానీ తర్వాతి రౌండు మొదలవదు. మిగిలినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. మా ఒక్క ఆట కోసం అందరూ ఆగారు. ఆలస్యం మీవల్లేనా అని ఇద్దరు నాకే మెసేజ్ పెట్టారు. నేను ఏ రోజు ఎత్తు ఆ రోజే వేస్తున్న మనిషిని. ఆ మాట చాలా బాధపెట్టింది.

ఆ బాధలోనే ఒక రాత్రి అతనికి రాశాను: "ఈ ఆట ఇక మారదు, రిజైన్ చేస్తారా?" అది నేను చేయకూడని పని. ఎదుటివాణ్ని ఓటమి ఒప్పుకోమని అడగడం చదరంగంలో ఓడిన ఆట ఆడుతూ కూర్చోవడం కంటే పెద్ద అమర్యాద. "నాకింకా ఎత్తులు మిగిలి ఉన్నాయి" అని జవాబిచ్చాడు. అతను చెప్పింది నిజం. రిజైన్ చేసి తీరాలనే నియమం చదరంగంలో ఎక్కడా లేదు.

చివరికి అతని దగ్గర రాజు, ఒక బంటు మిగిలాయి. నాకు మంత్రి ఉంది, ఒక బంటు ఉంది. బోర్డు చివరి నిలువు వరుసలో ('ఎ' ఫైల్‌లో) అతని బంటు, నా బంటు ఎదురెదురుగా ఇరుక్కుని ఉన్నాయి. అతని రాజు జీ8 గడిలో, నా రాజు ఎఫ్5 గడిలో ఉన్నాయి. మంత్రిని ఈ7కి తెస్తే అతనికి హెచ్8 తప్ప ఇంకో గడి లేదు. ఆ ఒక్క గడికి జరగడానికి కూడా 13 రోజులు తీసుకుంటాడని నాకు తెలుసు. అందుకని కండిషనల్ మూవ్ పెట్టాను: అతని రాజు హెచ్8కి వెళ్తే వెంటనే నా మంత్రి ఎఫ్7కి.

పోస్టుకార్డుల మీద ఆడే రోజుల నుంచీ ఉన్న పద్ధతి ఇది. నువ్వు ఇది వేస్తే నేను ఇది వేస్తాను అని కార్డు మీదే రాసేస్తే ఒక ఉత్తరం, ఆ ఉత్తరం వెళ్లి వచ్చే రోజులు మిగిలేవి. యాప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సదుపాయం కూడా ఇదే. కానీ దాన్ని విసుగులో వాడాను.

13వ రోజు రాజు హెచ్8కి వెళ్లింది. నా మంత్రి దానంతట అదే ఎఫ్7కి వచ్చింది. రాజుకు చెక్ లేదు, కదలడానికి గడి లేదు, బంటు ఇరుక్కుని ఉంది. స్టేల్‌మేట్. ఆట డ్రా. మంత్రిని కదపకుండా నా రాజును జీ6కి తెచ్చి ఉంటే, అతను జీ8కి వెనక్కి రాక తప్పదు, ఆ తర్వాతి ఎత్తుకే ఆటకట్టు. ఆ అర పాయింటు తగ్గి నేను తర్వాతి రౌండుకు వెళ్లలేదు.

వారం దాకా ఆ యాప్ తెరవలేదు. తర్వాత గుంటూరు నుంచి మా అక్కావాళ్లు వచ్చినప్పుడు మేనల్లుడికి ఆ పొజిషన్ చూపించాను. వాడికి పదకొండేళ్లు, కోచింగ్‌కి వెళ్తున్నాడు. "మామయ్యా, ఆయన కరెక్టే చేశాడు కదా. ఎప్పుడూ రిజైన్ చేయొద్దని మా సార్ రోజూ చెప్తారు" అన్నాడు. కాదనలేకపోయాను. మోంటే కార్లోలో 1902లో వాన్ పోపీల్ మీద ఆడుతూ ఆ కాలపు మాస్టర్ మార్కో తన శకటు పోతోందనుకుని రిజైన్ చేశాడు. నిజానికి అదే శకటును జీ1కి జరిపితే గెలుపు మార్కోదే. ఒకవైపు హెచ్2 దగ్గర ఆటకట్టు బెదిరింపు, ఇంకోవైపు ఎదుటి మంత్రి మీద ఏనుగు దాడి. అంతటి ఆటగాడే గెలిచే ఆటను వదిలేశాడంటే, మామూలు ఆటగాళ్లను తొందరపడి వదిలేయమని ఎలా చెప్తాం?

అందుకే ఇప్పుడు నా కోపం రిజైన్ చేయకపోవడం మీద కాదు. ఓడిపోతున్నామని తెలిసిన క్షణం నుంచి కావాలని నెమ్మదించడం మీద. ఎదురుగా కూర్చుని ఆడే ఆటలో మొండికేసినవాడు తన సాయంత్రం కూడా ఖర్చు పెడతాడు, తన గడియారం కూడా తిరుగుతుంది. కరస్పాండెన్స్‌లో అతనికి పోయేదేమీ లేదు. ఎదుటివాడు మాత్రం నెలలకు నెలలు కట్టుబడి ఉండాలి. రాజు, మంత్రి కలిసి ఒంటరి రాజును కట్టడానికి ఎక్కువలో ఎక్కువ పది ఎత్తులు చాలు. వాటికే 14 రోజుల చొప్పున 140 రోజులు. శకటు, గుర్రంతో కట్టాలంటే 33 ఎత్తుల దాకా పట్టవచ్చు, అంటే 462 రోజులు! 1951లో ఏర్పడిన అంతర్జాతీయ కరస్పాండెన్స్ సమాఖ్య ఐసీసీఎఫ్ ఆటల్లో ఈ అలవాటుకు డెడ్ మ్యాన్ డిఫెన్స్ అనే పేరే ఉంది. అక్కడ కంప్యూటర్ సాయం తీసుకోవచ్చు కాబట్టి స్టేల్‌మేట్ ఆశకు పెద్దగా చోటు లేదు. పావులు బాగా తగ్గాక టేబుల్‌బేస్ (కొద్ది పావుల పొజిషన్ల ఫలితాలన్నీ ముందే లెక్కకట్టి పెట్టిన డేటాబేస్) చూపించి గెలుపు క్లెయిమ్ చేసుకోవచ్చు కూడా. మనం ఆడే యాప్‌లో కంప్యూటర్ నిషేధం. ఎదుటివాడు మనిషే, తప్పు చేయగలడు. నేను చేశాను. కాబట్టి ఇక్కడ ఆడుతూ పోవడం న్యాయమే. కానీ గెలుస్తున్నప్పుడు ఏ వేగంతో ఆడావో ఓడుతున్నప్పుడూ ఆ వేగంతోనే ఆడాలి. నేను అడిగేది ఇంతే.

ప్రొఫైల్‌లో సగటున ఎత్తుకు ఎంత సేపు తీసుకుంటారో చూపిస్తారు. ఒకప్పుడు దాన్ని బాగా నమ్మేవాణ్ని. కానీ అది అన్ని ఆటలకూ కలిపి తీసిన లెక్క. ఓడుతున్న ఆటల్లో మాత్రమే ఆలస్యం చేసేవాడు ఆ అంకెలో దొరకడు.

ప్రస్తుతం మూడు రోజుల గడువు ఆటలే ఆడుతున్నాను, గ్రూపు టోర్నీలకు వెళ్లడం లేదు. నా షాపు వేళలకు ఇది సరిపోయింది. షిఫ్టులు మారే ఉద్యోగాల వాళ్లకు, నెట్ సరిగా లేని ఊళ్లలో ఉండేవాళ్లకు 14 రోజులే మేలు కావచ్చు. కండిషనల్ మూవ్స్ ఇప్పటికీ పెడతాను, కానీ ఎదుటివాడికి రాజు కాక కదిలే పావు ఇంకొకటి ఉన్నప్పుడే.

ఈ వారం ఒక ఆటలో గుర్రం పోగొట్టుకున్నాను. రిజైన్ చేయలేదు, ఆయన రాజు చుట్టూ ఇంకా కొంచెం పని ఉంది. నిన్న రాత్రి ఆయన ఎత్తు వచ్చింది. షట్టర్ దించగానే జవాబు వేసేశాను.